డేహాఫ్ గారి సపోర్టు ప్రాజెక్టు

ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ నేను సపోర్టు ప్రాజెక్టులోనే ఉన్నాను. ఎవరో ఎప్పుడో కట్టిన డేటాబేస్‌కి కాపలా అన్నమాట. రాత్రి రెండింటికి జాబ్ ఫెయిలైతే ఫోను నాకే వస్తుంది. ఏ గొడవా లేకుండా నెల గడిస్తే మాత్రం నేనొకణ్ణి ఉన్నానన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. "డెవలప్‌మెంట్‌లోకి మారవేంట్రా" అని మా బావ ప్రతి సంక్రాంతికీ అడుగుతూనే ఉంటాడు.

అందుకేనేమో, 2024లో ఆల్ఫాఫోల్డ్ చేసినవాళ్ళకి కెమిస్ట్రీ నోబెల్ వచ్చినప్పుడు ఆఫీసులో అందరూ న్యూరల్ నెట్‌వర్కుల గురించి మాట్లాడుకుంటుంటే నాకు వేరే అనుమానం వచ్చింది. ఇది నేర్చుకోవడానికి ఇన్ని ప్రోటీన్ల వివరాలు ఒకచోట పెట్టిందెవరు? వాళ్ళకి జీతాలెవరిచ్చారు? తవ్వుకుంటూ పోతే మార్గరెట్ డేహాఫ్ దగ్గర తేలాను.

ఆవిడ చదివింది క్వాంటమ్ కెమిస్ట్రీ. 1940ల్లోనే పంచ్ కార్డు యంత్రాలతో లెక్కలు చేసిన మనిషి. ప్రోటీన్ అంటే ఇరవై రకాల అమైనో ఆమ్లాల దండ. ఏ పూస తరవాత ఏ పూస వస్తుందో తెలిపే వరసే సీక్వెన్స్. 1960ల మొదట్లో ఒక్కో ప్రోటీన్ వరస కనుక్కోవడానికి ల్యాబులకి ఏళ్ళు పట్టేది. కనుక్కున్నాక అది ఏదో ఒక పత్రికలో ఒక మూల పడి ఉండేది. డేహాఫ్ అవన్నీ ఏరి, తప్పులు సరిచూసి, 1965లో అట్లాసు అని ఒక పుస్తకం వేశారు. అందులో ఉన్నవి 65 ప్రోటీన్లు. ఇవాళ మనం ఎక్సెల్ షీటులో పడేసి మరిచిపోయే సైజు!

అమైనో ఆమ్లాలకి ఒక్కొక్క అక్షరం పేర్లు తెచ్చిందీ ఆవిడే. అంతకు ముందు మూడేసి అక్షరాలు వాడేవారు, కార్డుల మీద చోటు చాలదు. 'ఎ' అలనిన్‌కి ఇచ్చేశాక ఆర్జినిన్‌కి 'ఆర్', ఆస్పరాజిన్‌కి 'ఎన్' సర్దారు. లైసిన్‌కి 'కె' ఎందుకంటే 'ఎల్' పక్కనుంది కాబట్టి. వేరియబుల్ పేర్లు పెట్టడంలో మన తిప్పలు కొత్తవేం కావు.

అసలు చిక్కు డబ్బు దగ్గర వచ్చింది. కొత్త విషయం కనుక్కుంటే గ్రాంటు వస్తుంది గానీ, పక్కవాడు కనుక్కున్నది సరిచూసి అప్పజెబుతానంటే ఎవరిస్తారు? ఖర్చు రాబట్టుకోవడానికి వాళ్ళ సంస్థ అట్లాసుని అమ్మేది, కొన్నవాళ్ళు మళ్ళీ పంచకూడదని షరతు పెట్టింది. ప్రయోగాలు చేసేవాళ్ళకి ఇది నచ్చలేదు. మా వరసలు తీసుకుని మాకే అమ్ముతారా అన్నారు. వాళ్ళ కోపంలో న్యాయం లేదని నేననను. కానీ తప్పులు దిద్దడానికి కూర్చున్న మనుషుల జీతం ఎక్కణ్ణుంచి రావాలో వాళ్ళూ చెప్పలేదు.

1977 తరవాత డీఎన్ఏ వరసలు చదవడం సులువై, వరద మొదలైంది. అమెరికా ప్రభుత్వం ఒక జాతీయ డేటాబేస్ కావాలనుకుంది. డేహాఫ్ దగ్గర అప్పటికే డీఎన్ఏ సేకరణ ఉంది, 1980కల్లా ఫోన్ లైను మీద మోడెమ్‌తో చూసుకునే ఏర్పాటూ ఉంది. పోటీగా లాస్ అలమోస్ నుంచి వాల్టర్ గోడ్ వచ్చాడు. ఒకప్పుడు హైడ్రోజన్ బాంబు లెక్కలు చేసిన భౌతిక శాస్త్రవేత్త. ఆయనతో జట్టుకట్టింది అర్పానెట్ పరికరాలు కట్టిన బీబీఎన్ కంపెనీ. డేటా మీద మాకే హక్కూ వద్దు, ఎవరైనా వాడుకోండి, ఎవరికైనా పంచుకోండి అన్నారు వాళ్ళు. 1982లో కాంట్రాక్టు వాళ్ళకే దక్కింది. అదే జెన్‌బ్యాంక్. ఆ డిసెంబరులో అందులో ఉన్నవి 606 వరసలు. 1983 ఫిబ్రవరిలో డేహాఫ్ గుండెపోటుతో చనిపోయారు. వయసు 57.

నా మటుకు నాకు ఆ కాంట్రాక్టు సరైనవాళ్ళకే వెళ్ళిందనిపిస్తుంది. పంచుకోనివ్వని డేటాబేస్ మీద ఎవడూ ఇంకొకటి కట్టలేడు. కానీ తెరిచిపెట్టినంత మాత్రాన పని తగ్గలేదు. జెన్‌బ్యాంక్ వాళ్ళూ మొదట్లో పత్రికలు ముందేసుకుని టైపు కొట్టినవాళ్ళే. అచ్చయిన వరస డేటాబేస్‌కి చేరేసరికి నెలలు గడిచేవి, ఒక్కోసారి ఏడాది దాటేది. చివరికి 1980ల ఆఖరులో పత్రికలే, ముందు డేటాబేస్‌లో పెట్టి నంబరు తెస్తేనే వ్యాసం వేస్తాం అనడం మొదలుపెట్టాక దారిలో పడింది. కోడ్ రాసి తేల్చలేనిది ఒక్క రూలుతో తేలింది.

అట్లాసు కథ అక్కడితో ఆగలేదు. జెనీవాలో ఆమోస్ బైరోక్ అనే కుర్రాడు, అప్పటికింకా పీహెచ్‌డీ విద్యార్థే, తన సాఫ్ట్‌వేర్ కోసం వెయ్యికి పైగా ప్రోటీన్ వరసలు చేత్తో టైపు చేశాడు. 1986లో అది స్విస్‌ప్రాట్ అయింది. ప్రతి ఎంట్రీనీ మనిషి చదివి రాయడం దాని ప్రత్యేకత. పదేళ్ళలో ప్రపంచమంతా దాని మీద ఆధారపడింది. 1996 మేలో బైరోక్ ఇంటర్నెట్‌లో ఒక ప్రకటన పెట్టాడు: డబ్బుల్లేవు, జూన్ 30తో మూసేస్తున్నాం.

అప్పుడు గుర్తొచ్చింది అందరికీ! అన్ని దేశాల నుంచీ ఉత్తరాలు, గోల. ఎలాగో నిలబడింది. 1998లో స్విస్ బయోఇన్ఫర్మేటిక్స్ సంస్థ పుట్టింది, కంపెనీల దగ్గర లైసెన్సు ఫీజు మొదలైంది. అంటే తిరిగి తిరిగి అట్లాసు దగ్గరికే వచ్చారన్నమాట. 2002లో అమెరికా గ్రాంటు వచ్చాకే ఆ ఫీజు బెడద వదిలింది. ఆ గ్రాంటుతో స్విస్‌ప్రాట్‌నీ, డేహాఫ్ అట్లాసు వారసత్వమైన పీఐఆర్‌నీ కలిపి యూనిప్రాట్ చేశారు. ఆల్ఫాఫోల్డ్ వెతుక్కునే వరసల్లో యూనిప్రాట్‌వీ ఉన్నాయి.

పోనీ ఇప్పుడైనా తేలిందా అంటే, లేదు. మొక్కల పరిశోధకులందరూ వాడే ఆరబిడాప్సిస్ డేటాబేస్ టెయిర్‌కి ప్రభుత్వ గ్రాంటు ఆగిపోయి, 2013లో చందా పెట్టుకోవాల్సి వచ్చింది. కొత్త వివరాలు ముందు చందాదారులకి, ఏడాది తరవాత అందరికీ. ఇదొక మధ్యేమార్గం. దాన్ని తిట్టినవాళ్ళున్నారు. నేను తిట్టలేను. అక్కడా ఎవడో ఒకడు రాత్రి రెండింటికి ఫోను ఎత్తుతూ ఉంటాడు.