నెలవంక దర్శనం

ఇస్లామీయ చాంద్రమాన మాసారంభాన్ని నిర్ణయించే పద్ధతి ఇది. ఉర్దూలో రూయతె హిలాల్ అంటారు. 29వ రోజు పొద్దుగూకాక పడమట నెలవంక కనబడితే కొత్త నెల మొదలవుతుంది. కనబడకపోతే 30 రోజులు నింపుతారు. చాంద్రమాసం సగటున 29.53 రోజులు గనుక ఈ నియమం ఆకాశగతికి సరిపోతుంది. పశ్చిమ గోదావరి జిల్లా అత్తిలి వంటి డెల్టా ఊళ్లలో కొండలు అడ్డురావు. వరిచేల చివరన కొబ్బరి మట్టల మీదుగా సన్నని గీతలా కనబడి, కాసేపటికే వంక అస్తమిస్తుంది.

గణితం కచ్చితంగా ఉన్నప్పుడు కంటిచూపు ఎందుకన్నది ప్రధాన ఆక్షేపణ. అమావాస్య ఘడియను గణితం నిమిషాలతో సహా చెబుతుంది. వంక కంటికి ఆనడం మాత్రం సూర్యుడి నుంచి దాని దూరం, క్షితిజంపై ఎత్తు, గాలిలోని తేమ, మబ్బులపై ఆధారపడుతుంది. మబ్బు పట్టిన ఊరివారు ఇతరచోట్ల చూసినవారి సాక్ష్యాన్ని స్వీకరిస్తారు. కాబట్టి అసాధ్యమైన సాక్ష్యాన్ని తోసిపుచ్చడానికి గణితం, నెలను ప్రకటించడానికి దర్శనం అన్న సమన్వయమే సబబు.