శివనసముద్రం కరెంటు నుంచి ఎల్‌ఈడీ బల్బు దాకా

స్విచ్ వేస్తే లైటు వెలుగుతుంది. ఆ కరెంటు మన దాకా ఎలా వచ్చిందో చాలామంది ఆలోచించరు. మన కోలారు జిల్లాకు ఈ విషయంలో గొప్ప చరిత్ర ఉంది.

మైసూరు దివాను కె. శేషాద్రి అయ్యర్ కాలంలో కావేరి నదిపై శివనసముద్రం దగ్గర జలవిద్యుత్ కేంద్రం పని మొదలైంది. 1902లో అక్కడి నుంచి సుమారు 147 కిలోమీటర్లు తీగలు లాగి కోలారు బంగారు గనులకు కరెంటు ఇచ్చారు. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది 1905లో. అంటే మనకే మూడేళ్లు ముందు వచ్చింది! అయితే అది వచ్చింది గనుల యంత్రాల కోసం. పల్లెల్లో ఇంకా ఎన్నో ఏళ్లు కిరసనాయిలు బుడ్లే దిక్కు. బుడ్డి దీపం ముందర కూర్చుని చదువుకున్నానని మా అవ్వ ఇప్పటికీ చెబుతుంది.

తర్వాత ఇళ్లకు గుండు బల్బులు వచ్చాయి. అవి వెలుగు కంటే వేడే ఎక్కువ ఇస్తాయి. 2001లో మన గనులు మూతపడ్డాయి. అదే ఏడాది దేశంలో ఇంధన పొదుపు చట్టం వచ్చింది. 2006లో ఫ్రిజ్‌ల వంటి వస్తువులపై నక్షత్రాల గుర్తులు మొదలయ్యాయి. నక్షత్రాలు ఎక్కువైతే కరెంటు ఖర్చు తక్కువ. 2015లో ఉజాల పథకం కింద ఎల్‌ఈడీ బల్బులు చవకగా ఇచ్చారు. అలా 36 కోట్లకు పైగా బల్బులు ఇళ్లకు చేరాయి.

ఇప్పుడు లెక్క చూద్దాం. 1000 వాట్ల వస్తువు ఒక గంట పనిచేస్తే ఒక యూనిట్. 60 వాట్ల గుండు బల్బు రోజుకు 5 గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు. 9 వాట్ల ఎల్‌ఈడీకి ఒకటిన్నర యూనిట్ కూడా కాదు. 75 వాట్ల ఫ్యాను రోజుకు 10 గంటలు తిరిగితే నెలకు 22 యూనిట్లు దాటుతుంది. 30 వాట్ల కొత్తరకం ఫ్యానుకు 9 యూనిట్లే. 2000 వాట్ల గీజరు అరగంటకే ఒక యూనిట్ తాగేస్తుంది.

“గృహజ్యోతిలో బిల్లు సున్నానే కదా, పొదుపు ఎందుకు?” అని కొందరు అడుగుతారు. మనం 2022-23లో వాడిన సగటుకు కొంత కలిపి, అంత వరకే ఉచితం. అది దాటితే డబ్బు కట్టాలి, 200 యూనిట్లు దాటితే మొత్తం బిల్లు కట్టాలి. పైగా మనకు ఉచితమైనా, కరెంటు తయారీకి నీళ్లో బొగ్గో ఖర్చవుతూనే ఉంటాయి.

కాబట్టి గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు ఫ్యాను ఆపుదాం. టీవీని రిమోట్‌తో కాక స్విచ్ దగ్గర ఆపుదాం. అంత దూరం నుంచి తీగలు లాగి తెచ్చుకున్న కరెంటును వృథా చేయకుండా వాడుకుందాం.