దిగ్బంధం, వెలి, వేర్పాటు

దిగ్బంధం: దిక్కులను బంధించడం. మంత్రశాస్త్రం నుంచి వచ్చిన మాట. భూతప్రేతాలు రాకుండా ఎనిమిది దిక్కులనూ కట్టడం అష్టదిగ్బంధం. నేడు దారులు మూసి రాకపోకలు ఆపడానికి వాడతారు. వరద చుట్టుముట్టిన ఊరిది జలదిగ్బంధం. గిద్దలూరు–నంద్యాల మధ్య నల్లమల ఘాట్‌లో చెట్టు కూలితే మాత్రం దిగ్బంధం అనరు, రాకపోకలు నిలిచాయంటారు.

ముట్టడి: కోటనో కార్యాలయాన్నో చుట్టుముట్టడం. ఇది బయటివారు చేసే పని. నిర్బంధం మనిషిని కదలనివ్వకపోవడం. గృహనిర్బంధం దీనిలో ఒక రకం.

వెలి: వెలుపల అనే అర్థం నుంచి సంఘ బహిష్కారానికి పేరైంది. వెలివేత, వెలివాడ దీని నుంచి పుట్టినవే. 2020లో కోవిడ్ రోగులను విడిగా ఉంచడాన్ని వెలి అనలేదు. ఐసోలేషన్, ఏకాంతవాసం అన్నారు. వెలిలో అవమానం ఉంది, వీటిలో జాగ్రత్త ఉంది.

వేర్పాటు: వేరుపడటం. అన్నదమ్ములైతే వేరుపడ్డారంటారు, భార్యాభర్తలైతే విడిపోయారంటారు. రాజకీయాల్లో వేర్పాటువాదం నిందార్థకం. అదే కోరికను సమర్థించేవారు ప్రత్యేక రాష్ట్రం అంటారు. పాలనాపరమైన మార్పుకు విభజన, పునర్వ్యవస్థీకరణ వాడుకలో ఉన్నాయి. అలాంటి మార్పులోనే గిద్దలూరు, మార్కాపురం తాలూకాలు 1970 ఫిబ్రవరి 2న కర్నూలు జిల్లా నుంచి విడివడి కొత్త ఒంగోలు జిల్లాలో చేరాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు.