బీబీసీ మైక్రో: అడుగున ఉన్న తూము

చరిత్ర అనగానే మనకు శాసనాలూ, కోటలూ, కైఫీయతులూ గుర్తుకు వస్తాయి. నలభై ఏళ్ళ నాటి ఒక యంత్రానికి కూడా చరిత్ర ఉన్నదనీ, అది మన బడులతో ముడిపడినదనీ చెబితే కొందరు మిత్రులకు వింతగా తోచవచ్చు. తెలుగు పండితుడికి తీగలతో పనేమిటి అని అడిగేవారు కాస్త ఓపికతో చదవవలసిందిగా మనవి.

1981 డిసెంబరులో ఇంగ్లండులోని కేంబ్రిడ్జికి చెందిన ఏకార్న్ సంస్థ బీబీసీ మైక్రో అనే కంప్యూటరును విడుదల చేసింది. సామాన్య ప్రజలకు కంప్యూటరు విద్య నేర్పాలని బీబీసీ తలపెట్టిన పథకానికి ఇది ఉపకరణం. మోడల్ బి యంత్రపు జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు మాత్రమే. నేడు చేతిఫోనుతో తీసే ఒక్క ఛాయాచిత్రానికి కూడా ఆ చోటు చాలదు.

ఈ యంత్రమే 1984లో మన దేశానికి వచ్చింది. కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ అనే పేరుతో పాఠశాలల్లో కంప్యూటరు అక్షరాస్యతా పథకాన్ని ఆరంభించి, తొలి విడతలో దేశం మొత్తం మీద సుమారు 250 పాఠశాలలను ఎంపిక చేసింది. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ సంస్థ ‘యూనికార్న్’ అనే పేరుతో దీని దేశీయ రూపాన్ని కూడా తయారు చేసింది.

ఇక అసలు విషయం. ఈ యంత్రాన్ని తిరగవేసి చూస్తే అడుగున ‘యూజర్ పోర్టు’ అనే ఒక అమరిక కనబడుతుంది. కోనసీమలో పుట్టినవారికి తూము అంటే వివరించనక్కరలేదు. ధవళేశ్వరం నుండి వచ్చే కాలువ ఎంత నిండుగా పారినా, తూము లేనిదే చేనికి చుక్క అందదు. యూజర్ పోర్టు కంప్యూటరుకు అటువంటి తూము. అందులో సమాచారానికి ఎనిమిది తీగలు; వాటితో పాటు 5 వోల్టుల సరఫరా, సున్న వోల్టుల తీగ ఉంటాయి. ప్రతి తీగనూ లోపలికైనా వెలుపలికైనా పారేటట్లు విడివిడిగా నిర్ణయించవచ్చు. ఆ నిర్ణయం 6522 అనే చిప్పు చేతిలో ఉంటుంది.

ప్రతి తీగకూ రెండే స్థితులు: సున్న లేదా ఒకటి. ఎనిమిది తీగలకు ఎన్ని కలయికలు? ఛందస్సు చదివినవారు వెంటనే 256 అంటారు. ఎనిమిది అక్షరాల అనుష్టుప్ ఛందంలో గురులఘువులను ప్రస్తరిస్తే పుట్టే వృత్తాలు సరిగ్గా అన్నే. పింగళుని ఛందశ్శాస్త్రం నాటి లెక్కే ఈ పెట్టెలోనూ పనిచేస్తున్నది. తీగల సంగతి పట్ల నాకు చనువు కలిగించినది ఈ పోలికే.

భౌతికశాస్త్రం బోధించి విరమించిన మిత్రులొకరు ఇటువంటి పాత యంత్రానికి నాలుగు మీటలూ ఒక అంకె దీపమూ అమర్చారు. పద్యాల అంత్యాక్షరిలో నాలుగు జట్లలో ఎవరు ముందు మీట నొక్కారో తేల్చడానికి ఈ ఏర్పాటు. విధానం చెబుతాను. కంప్యూటరును ఆపివేసిన తరువాతే తీగలు కలపాలి. మొదటి నాలుగు తీగలకు నాలుగు మీటలు కలిపి, మీటల రెండవ కొసలను సున్న వోల్టుల తీగకు చేర్చాలి. నొక్కని మీట ఒకటిగా, నొక్కినది సున్నగా చదవబడుతుంది.

అంకె దీపంలో ఏడు గీతలుంటాయి. గీతకొక తీగ చొప్పున ఇస్తే మీటలకు ఒక్క తీగే మిగులుతుంది. అందుకే మధ్యలో 7447 అనే చిప్పును పెట్టారు. మిగిలిన నాలుగు తీగల మీద అంకెను పంపితే, ఏయే గీతలు వెలగాలో అదే చూసుకుంటుంది. గీతకొక 330 ఓముల నిరోధకం తప్పనిసరి.

ఇప్పుడు 65122 అనే చిరునామాలో 240 అని వ్రాస్తే నాలుగు తీగలు లోపలికి, నాలుగు తీగలు వెలుపలికి తెరుచుకుంటాయి. 65120లో మీటలను చదవాలి; అంకెను పదహారుతో హెచ్చించి అక్కడే వ్రాయాలి. మూడవ జట్టు నొక్కితే 48 వ్రాయాలి. దీపంలో 3 వెలుగుతుంది. బేసిక్ భాషలో పది పంక్తులు దాటని పని.

తెరమీద తెలుగు మాత్రం ఇంత సులువు కాదు. ఆ యంత్రంలో కొత్త అక్షరాన్ని మనమే గీసుకోవచ్చు గాని, దానికిచ్చిన చోటు ఎనిమిది వరుసలు, వరుసకు ఎనిమిది చుక్కలు. ఆంగ్లాక్షరం అందులో హాయిగా ఒదుగుతుంది. పైన గుడిదీర్ఘం, కింద వత్తులు గల మన ‘స్త్రీ’ ఎక్కడ పడుతుంది? రెండు మూడు గళ్ళు కలిపి గీయవలసిందే. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలో తెలుగుకు స్థానం దొరికింది.

మన బడులలో కంప్యూటరు విద్య అంటే చాలాకాలం మీటలు నొక్కడం, తెరమీద వచ్చినది చదవడమే. ఎవరో చేసిన మీటను నొక్కే పిల్లవాడు వాడుకరి. తానే మీట అమర్చినవాడు కర్త. ఈ రెంటికీ నడుమ ఉన్న దూరం రెండు తీగలు మాత్రమే. అయినా ఆ దూరం దాటించే పాఠం బహు కొద్దిమందికే అందింది.

విచిత్రమేమిటంటే ఆ తూము ఎండిపోలేదు. ఏకార్న్‌లోనే సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ కలిసి రూపొందించగా 1985లో పనిచేయనారంభించిన ఆర్మ్ ప్రాసెసరు సంతతే ఈనాటి చేతిఫోన్లను నడుపుతున్నది. 2016లో బీబీసీ బ్రిటన్ పిల్లలకు పంచిన మైక్రోబిట్ అనే చిన్న పలక మీద రెండు మీటలూ 25 దీపాలూ ఉన్నాయి. అడుగున దాగినది పైకి వచ్చింది. అదే సంవత్సరం మన దేశంలో అటల్ టింకరింగ్ ప్రయోగశాలల పథకమూ మొదలయింది.

పరికరాల ధర ఇప్పుడు పెద్ద అడ్డంకి కాదు. తెలుగులో స్పష్టంగా వ్రాసిన నాలుగు పుటల పాఠమే కావలసినది. మీట, తీగ, దీపం, తూము: ఈ మాటలన్నీ మన పిల్లలకు ముందే తెలుసు. వాటితోనే పాఠం ఎత్తుకోవడం భాషోపాధ్యాయులు కూడా చేయగల పని. వారు ఆ పూచీ తీసుకుంటారని ఆశిస్తున్నాను. స్వస్తి.