మొదటి క్షౌరకత్తి – దానిలోని ఉక్కు

భద్రాచలమునకు వచ్చు యాత్రికులలో అనేకులు కల్యాణకట్టలో తలనీలాలు సమర్పించి, గోదావరిలో మునిగి, పిమ్మట రామదర్శనమునకు పోవుదురు. నదికి ఈవలి యొడ్డున పాల్వంచ, ఇల్లెందు అడవుల అంచున గల పల్లెలలో క్షురకునకు కూలి చాలకాలము డబ్బు రూపమున ముట్టలేదు. పంట నూర్చిన కళ్ళములో గింజలు కొలిచి యిచ్చెడివారు. దానికి మేర యని పేరు. ఏడాది పొడుగునా చేసిన పనికి ఒక్కసారి ముట్టు ఆ గింజలు కత్తి వాదరను బట్టి యుండెడివి. కత్తి తెగక చర్మమును గీరెనా, ఆ యింటివారు మరియొకరిని పిలుతురు. కనుక పని నేర్చి క్రొత్తగా పొది కట్టుకొను యువకునకు మొదటి కత్తిని ఎన్నుకొనుట చిన్న సంగతి కాదు. చేతిలో డబ్బు తక్కువ. తప్పు కత్తి కొన్నచో రెండవది కొనుటకు మిగులునది లేదు.

ఇందలి చిక్కేమనగా, కత్తిలో ముఖ్యమైనది కంటికి కనబడదు. పిడి కనబడును, మెరుగు కనబడును, పేరు చెక్కిన ముద్ర కనబడును. ఉక్కు గుణము మాత్రము కనబడదు. ఈ చిక్కు సంతలో నిలిచిన యువకునిది మాత్రమే కాదు. ఇంగ్లండులోని పెద్ద రసాయన శాస్త్రజ్ఞులు సైతము ఒక తరము కాలము దీనితో పెనగులాడిరి. వారి ముందున్న ఉక్కు మన దేశపుదే.

నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము ఒకప్పుడు ఉక్కునకు ప్రసిద్ధి కెక్కిన గ్రామము. 1824లో మరణించిన వోయిసీ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు అచటి పనిని కన్నులారా చూచి వ్రాసిన వర్ణన 1832లో అచ్చయినది. ఆ ఉక్కును కొనుటకై పారశీక దేశపు ఇస్ఫహాను నుండి వచ్చిన వర్తకుని గూడ ఆయన అచట చూచెను. రెండు తెరగుల ఇనుమును ముక్కలు చేసి మట్టిమూసలో నింపి, మూతి మూసి, బొగ్గుల కొలిమిలో నుంచి, తిత్తులతో ఒక పగలు, ఒక రాత్రి ఊదుచుండిరి. మూస చల్లారిన పిదప అడుగున ఉక్కు బిళ్ళ దొరకును. అది పెళుసుగా నుండును గనుక మట్టి పూసి మరల మరల కాల్చి, సాగునట్లు చేయుచుండిరి. ఈ ఉక్కునే ఐరోపావారు వూట్జ్ అనిరి. దక్షిణ భాషలలోని ‘ఉక్కు’ అను మాటయే వారి నోట అట్లు మారినదని పండితుల తలపు.

1794లో డాక్టర్ హెలినస్ స్కాట్ బొంబాయి నుండి ఇట్టి ఉక్కు బిళ్ళలను లండనుకు పంపెను. మరుసటి యేడు జార్జి పియర్సన్ దానిని పరీక్షించి రాయల్ సొసైటీ పత్రికలో వ్యాసము ప్రకటించెను. లండనులో కత్తులు చేయు జేమ్స్ స్టొడార్ట్ ఆ ఉక్కుతో పియర్సనుకు ఒక చిన్న చాకు చేసి యిచ్చెను. తరువాత క్షౌరకత్తులు, శస్త్రవైద్యుల పరికరములు గూడ దానితో చేసి, ఐరోపా ఉక్కు కంటె ఇదియే మేలని తన దుకాణపు చీటీలలో చాటుకొనెను. అనుభవముతో అతడు గుణమును కనుగొనెను; కారణము మాత్రము తెలియలేదు. డేవిడ్ మషెట్ 1805లో, ఇందు కర్బనము ఎక్కువ యని సరిగనే చెప్పెను. అటుపిమ్మట స్టొడార్టుతో కలిసి పని చేసిన మైకేల్ ఫారడే అంతటివాడు, దీని మహిమ అల్యూమినియమ్ వలన కలిగినదని పొరబడెను! ఆ పొరపాటు వెంబడే పోయి వారిరువురు ఉక్కులో అనేక లోహములను కలిపి చూచిరి. 500 పాళ్ళ ఉక్కునకు ఒక పాలు వెండి కలిపిన మిశ్రమము మంచి కత్తులకు పనికివచ్చునని తేల్చిరి. 1820, 1822 సంవత్సరములలో వెలువడిన వారి వ్యాసములు నేటి మిశ్రమ ఉక్కుల శాస్త్రమునకు తొలి మెట్టు. తప్పుదారిన పోయినను మంచి ఊరే చేరిరన్నమాట.

ఇపుడు తెలిసిన దేమనగా, వూట్జ్ ఉక్కులో కర్బనము నూటికి సుమారు ఒకటిన్నర పాలు. మంచి క్షౌరకత్తిలో ఒక పాలు గాని, కొంచెమెక్కువ గాని యుండును. కర్బనము మిక్కిలి తక్కువైన ఇనుమును ఎంత నూరినను వాదర నిలువదు, మడతపడును.

కాని కర్బన మొక్కటే చాలదు. ఉక్కును ఎర్రగా కాల్చి చటుక్కున చల్లార్చినచో గాజువలె గట్టిపడి, గాజువలెనే విరుగును. అందుచే దానిని మరల కొంచెము వేడి చేయుదురు. అపుడు మెరుగు పెట్టిన ఉక్కుపై రంగులు వరుసగా దిగును. పాత పనివారి పట్టికలలో ఇది చక్కగా కనబడును: లేత గడ్డిరంగు వచ్చిన 450 ఫారన్‌హీట్ డిగ్రీల వద్ద ఆపినచో క్షౌరకత్తి, నీలిరంగు దిగు 550 వద్ద ఆపినచో గడియారపు స్ప్రింగు, ఖడ్గము. అదే ఉక్కు, నూరు డిగ్రీల తేడా.

కొనువాడు ఈ రంగులనే గుర్తుంచుకొనవలెను. కత్తిని యంత్రపు సాన మీద అజాగ్రత్తగా అదిమినచో వాదర వేడెక్కి నీలిరంగుకు వచ్చును. అనగా అచట కత్తి స్ప్రింగుగా మారినది. రంగును మెరుగు పెట్టి తుడిచివేయవచ్చును, మెత్తదనమును తుడుచుట ఎవరి తరము? అటువంటి కత్తి ఒక గడ్డమునకే మొద్దుబారును.

చవకలో తళతళలాడు క్రొత్త కత్తి కంటె, షెఫీల్డులోనో, జర్మనీలోని సోలింగెన్‌లోనో చేసిన పాత కత్తి తరచుగా మేలు. ముద్రలో ‘ఇంగ్లండ్’ అని దేశము పేరున్నచో అది సాధారణముగా 1891 తరువాతిది. ఆ యేటి నుండి అమెరికాకు పోవు సరకుపై దేశము పేరుండవలెనని అచటి శాసనము. పాతదానిని కొనుటకు ముందు గాజు పలకపై పరుండబెట్టి చూడవలెను. వెన్ను, వాదర రెండును పొడుగునా పలకకు ఆనవలెను. ఒక మూల లేచినచో కత్తి వంకర పోయినది. దీపము క్రింద వాదరను నిలిపి చూచినపుడు మెరుపుచుక్క కనబడినచో అచట బెజ్జమున్నది. బుగ్గన పట్టిన త్రుప్పు రుద్దిన పోవును. వాదరను తిన్న త్రుప్పు పోదు. గోటితో మీటినపుడు గణగణ మనక బొంగురు పోయినచో పగులున్నదని అనుమానింపవలెను. వెన్ను ఒక ప్రక్క అరిగి బల్లపరుపైనచో నూరినవాడు చేయి తిరిగినవాడు కాడు. ఐదెనిమిదవ వంతుల అంగుళము వెడల్పు, గుండ్రని ముక్కు ఉన్న కత్తి క్రొత్త చేతికి తగినది. దంతపు పిడికి డబ్బు పోయుట దండుగ. ఉన్న సొమ్ములో సగము సన్నని సానరాయికి, తోలుపట్టాకు మిగుల్చుకొననివాడు ఎంతటి కత్తి కొన్నను ఫలము లేదు.

1904లో జిలెట్ అమెరికాలో పేటెంటు పొందిన మార్చదగు బ్లేడు ఈ లెక్కలన్నిటిని తారుమారు చేసినది. రక్తము ద్వారా వ్యాపించు కామెర్లు, ఎయిడ్సు గూర్చి తెలిసిన పిదప క్షౌరశాలలలో ఒకరికి వాడి పారవేయు సగము బ్లేడే వాడుకలోనికి వచ్చినది. అది సరియైన మార్పు. నూరుకొను కత్తి నేడు ఒకరి ముఖమునకే పరిమితము కావలెను, అన్నదమ్ములైనను పంచుకొనరాదు. ఎక్కువ కర్బనముగల ఉక్కు తేమకు త్వరగా లొంగును గనుక, క్షౌరమైన వెంటనే తుడిచి, ఆరబెట్టి, నూనె చుక్క రాయవలెను. వానకాలములో గోదావరి గాలికి ఆ చుక్క మరచిన కత్తిపై కొలది దినములలోనే గోధుమరంగు మచ్చ కనబడును. అది మొదట పట్టునది పలుచని వాదరనే.