నాగజెముడు: ఓడెక్కి వచ్చిన కంచె

కడప, కర్నూలు జిల్లాల్లో తిరుగుతుంటే ఈమధ్య అక్కడక్కడ చేలల్లో సిమెంటు స్తంభాలు వరసలుగా కనిపిస్తున్నాయి. ఒక్కో స్తంభం నెత్తిన ఒక చట్రం, దాని మీంచి జడలు విరబోసుకున్నట్టు వేలాడే మూడు పలకల పచ్చటి కాడలు. అది డ్రాగన్ ఫ్రూట్ తోట. ఊళ్లో నురగ వల తొడిగి అమ్మే ఆ గులాబీ పండు ఏదో చెట్టుకు కాస్తుందనుకుని దగ్గరికి వెళ్లినవాళ్లు, కాసేది జెముడుకని చూసి బిత్తరపోతారు. నాకు వింతగా తోచింది ఇంకొకటి. ఈ పండుకు చుట్టమైన మరో పండు వందేళ్ల కిందట సీమలో దారి పక్కన ఊరికే కాసేది. దాన్ని పనిగట్టుకుని చంపించారు.

అది నాగజెముడు. బొమ్మజెముడు, ఆకుజెముడు మన నేలవే. గిచ్చితే పాలు కారతాయి. నాగజెముడును గిచ్చితే పాలు రావు, జిగురు నీళ్లు వస్తాయి. ముళ్లు చూసి మనం అన్నింటినీ జెముడే అన్నాం గానీ వీటి మధ్య చుట్టరికం లేదు. నాగజెముడు కాక్టస్, ఆ కుటుంబం దాదాపు మొత్తం అమెరికా ఖండాలదే.

పెరిగే తీరే విచిత్రం. మనం ఆకు అనుకునే దళసరి పలక దాని కాండం. అసలు ఆకులు లేత పలక మీద చిన్నచిన్నగా మొలిచి కొద్దిరోజుల్లో రాలిపోతాయి. పలక అంచున పసుపు పువ్వు పూస్తుంది. కేసరాలను వేలితో తాకితే కదిలి లోపలికి ముడుచుకుంటాయి. పిందె కాండం కండలోనే కూరుకుని ఎదుగుతుంది కాబట్టి పండు తొక్క కూడా ఒక రకంగా కాండమే. అందుకే నేలరాలిన పండు వేళ్లు దించి, తొక్క మీది కంటి నుంచి కొత్త పలక వేయగలదు. ఈ మొక్క గాలి పీల్చుకునేది రాత్రిళ్లు; పగలు రంధ్రాలు మూసేసి ఒంట్లో చెమ్మ కాపాడుకుంటుంది. రాత్రంతా ఆమ్లం పోగవడంతో పలక తెల్లవారుజామున పుల్లగా ఉంటుంది, సాయంత్రానికి ఆ పులుపు విరుగుతుంది.

గొర్రెలు కాసే పిల్లలకు ఈ శాస్త్రంతో పనేముంది? వాళ్లకు పెద్ద ముల్లుతో భయం లేదు, అది కంటికి కనిపిస్తుంది. కంటికి ఆనని నూగు ముల్లు నాలుకలో దిగిందంటే మాత్రం రెండు రోజులు ఏడిపిస్తుంది. పండును పుల్లతో గుచ్చి తెంపి, ఇసుకలో బాగా దొర్లించి, లేదా మంట మీద చూపించి, నెత్తిన పువ్వు రాలిన గుంట చెక్కేసి అప్పుడు చీలుస్తారు. లోపల బీట్‌రూట్ రంగు. ఆ రంగు పదార్థం కూడా బీట్‌రూట్‌లోని రకమే. తిన్నాక పెదాలు ఎర్రబడి ఇంట్లో దొరికిపోవడం ఖాయం. గింజలు ఎక్కువే, నిజమే. అయినా రుచిలో చప్పటి తెల్ల డ్రాగన్ ఫ్రూట్ కంటే ఇదే నయమంటాను.

ఈ మొక్క మీద ఈస్టిండియా కంపెనీకి కన్నుపడింది మాత్రం పండు కోసం కాదు, ఎరుపు కోసమే. మెక్సికోలో జెముడు మీద బతికే కొచినీల్ పురుగును ఎండబెట్టి ఎర్ర రంగు తీసేవారు. ఆ వ్యాపారమంతా స్పెయిన్ గుప్పిట్లో ఉండేది. 1786లో మద్రాసులో కంపెనీ వైద్యుడు జేమ్స్ ఆండర్సన్ ఇక్కడి గడ్డి మీద ఒక పురుగును చూసి, అదే దొరికిందని సంబరపడి లండన్‌లో వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్‌కు రాశాడు. అది వేరే పురుగని తేలింది. అయినా పట్టు వదల్లేదు. మద్రాసు సైదాపేటలో జెముడు తోటే వేయించాడు. 1795లో నీల్సన్ అనే కెప్టెన్ బ్రెజిల్‌లోని రియో నుంచి పురుగును కలకత్తా తెచ్చాడు. అక్కడ దాన్ని చూసుకున్నది విలియం రాక్స్‌బర్గ్, అంతకు ముందు మన సామర్లకోటలో మొక్కలు పెంచిన మనిషే. తీరా వచ్చింది నాసిరకం పురుగు. రంగు సరిగా దిగలేదు. పైగా అది ఒక రకం జెముడును తిని, మన నాగజెముడు జోలికి పోలేదు. పోటీ రకం పోవడంతో నాగజెముడుకు దారి చక్కగా తెరుచుకుంది.

కడప 1800లో దత్తమండలాల్లో భాగంగా, కర్నూలు 1839లో కంపెనీ చేతికొచ్చాయి. వానలు తక్కువైన ఈ నేలకు నీళ్లడగని, మేకలు ముట్టని నాగజెముడు కంచె కంటే ఏం కావాలి? కానీ కంచె కంచెగా ఉండలేదు. పిట్టలు పండ్లు తిని గింజలు చల్లాయి, నరికిన ప్రతి ముక్కా మొలిచింది, చేలు, చెరువు కట్టలు, ఊరి బయళ్లు దాని పాలయ్యాయి. చివరికి 1926లో శ్రీలంక నుంచి ఇంకో జాతి కొచినీల్‌ను తెచ్చి వదిలారు. ఒంటి నిండా తెల్లటి మైనపు నూగు కప్పుకుని పలకలకు అంటుకునే ఈ పురుగును చిదిమితే వేలికి కుంకుమ రంగు అంటుతుంది. నాలుగైదేళ్లలో దక్షిణాదిన పొదలకు పొదలు కుళ్లి కూలిపోయాయి.

ఇక ఇప్పటి డ్రాగన్ ఫ్రూట్. చూడ్డానికి ఎడారి మొక్కలా ఉన్నా, ఇది మధ్య అమెరికా అడవుల్లో చెట్లెక్కి పాకే తీగ. సిమెంటు స్తంభం ఆ చెట్టుకు బదులన్నమాట. జానెడు దాటిన తెల్లటి పువ్వు రాత్రి విచ్చుకుని పొద్దెక్కేసరికి వాలిపోతుంది; కొన్ని రకాలకు రాత్రిపూట చేత్తో పుప్పొడి అద్దితే గానీ కాయ నిలవదు. పూత నుంచి నెలా అయిదు రోజులకల్లా పండు చేతికొస్తుంది. ఫ్రెంచివాళ్ల ద్వారా వియత్నాం చేరి, అక్కడి నుంచి ప్రపంచమంతా తిరిగి మన దాకా వచ్చింది. గుజరాత్ ప్రభుత్వం 2021లో దీనికి కమలం అని పేరు పెట్టింది. నలభై డిగ్రీలు దాటే కడప ఎండకు మాత్రం దీని కాడలు పసుపుబారి ఉడికిపోతాయి, నీడ వల కట్టాలి, డ్రిప్పు పెట్టాలి. అదే ఎండలో నాగజెముడు ఎవరి సాయమూ లేకుండా నిలబడింది.

నాగజెముడుకు దగ్గరి చుట్టమైన ముళ్లు లేని జెముడును ఇప్పుడు మళ్లీ పిలుస్తున్నారు, ఈసారి పశువుల మేత కోసం. మధ్యప్రదేశ్‌లోని అమ్లాహాలో ఇకార్డా అనే వ్యవసాయ పరిశోధన సంస్థ దాన్ని పెంచి చూస్తోంది. బంజరుల్లో వేయించాలని కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ 2022లో ముందుకొచ్చింది. ఆలోచన మంచిదే. కాకపోతే 1926లో మనం వదిలిన పురుగు ఎక్కడికీ పోలేదు, దానికి ఈ ముళ్లు లేని రకం కూడా ఇష్టమే. మొరాకోలో 2014లో అదే పురుగు కనిపించింది, కొన్నేళ్లలోనే అక్కడి జెముడు తోటలు పాడుబడ్డాయి. తర్వాత అక్కడి పరిశోధకులు పురుగును తట్టుకునే రకాలను ఏరి రైతులకిచ్చారు. సీమ బంజరుల్లో నాటబోయే పలక అలాంటి రకమో కాదో గుంట తవ్వకముందే తేల్చుకోవాలి.