చిన్న ఇంజను, పెద్ద చప్పుడు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల వెనుకటి తరము వారికి చక్రముల చప్పుడనగానే జ్ఞప్తికి వచ్చెడిది మోటారు కాదు, ఎద్దుబండి ఇరుసు. ఇరుసు కిర్రుమన్నచో బండివాడు దిగి, గడ్డిమసి కలిపిన ఆముదపు కందెన పూసెడివాడు. చప్పుడు ఆగెడిది, అరుగుదలయు తగ్గెడిది. ఒకే కందెనతో రెండు పనులు నెరవేరెడివి. తరువాతి కాలమున రైతు చేతికి వచ్చిన మోటారు అమర్చిన సైకిలు విషయమున, ఈ రెండు పనులును వేరువేరని తేలినది. ఆ వృత్తాంతమునే ఇచ్చట చెప్పదలచితిమి.

రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట, పెట్రోలు కరవైన ఐరోపాలో సైకిలుకు చిన్న ఇంజను తగిలించు ప్రయత్నములు విరివిగా సాగినవి. 1946లో ఫ్రాన్సున విపణికి వచ్చిన వెలోసోలెక్సులో దంతచక్రముల బెడదయే లేదు. ఇంజను క్రింది రోలరు ముందు టైరును ఒరసికొని త్రిప్పెడిది. చప్పుడు స్వల్పమే కాని, వానలో టైరు తడిసినప్పుడు రోలరు జారెడిది. పెడళ్ళు గల ఇట్టి బండ్లకు మోపెడ్డు అను పేరు 1952లో స్వీడను దేశమున పుట్టినది.

ఇంతకు దంతచక్రముల అవసరమేమి? చిన్న ఇంజను బలమంతయు దాని వేగముననే ఉన్నది. అది నిమిషమునకు 5,000 చుట్లు తిరుగుచుండగా, గంటకు 30 కిలోమీటర్లు పోవు మోపెడ్డు చక్రము సుమారు 300 చుట్లే తిరుగును. నడుమ వేగమును పదునేడు వంతులు తగ్గింపవలెను. ఇంజను ఇరుసునకు 18 పళ్ళ చిన్న చక్రమున్నదనుకొందము. దాని పళ్ళు పెద్ద చక్రపు పళ్ళను సెకనుకు 1,500 సార్లు తాకును. ఈ తాకిడియే సన్నని కూతయై చెవికి సోకును. పళ్ళు అరిగి సందు పెరిగిన కొలది, కూత గలగలగా మారును.

ఈ చిక్కును తప్పించుకొనిన ఒక మార్గము మన తెలుగునేలకును వచ్చినది. 1949లో ఫ్రాన్సున మోటోబెకాన్ సంస్థ మొబిలెట్ అను బండిని వెలువరించినది. ఇంజను నుండి మొదటి తగ్గింపునకు అందు దంతచక్రములకు మారుగా రబ్బరు బెల్టును, అటుపై వెనుక చక్రమునకు గొలుసును వాడిరి. రబ్బరు మెత్తనిది, తాకిడిని మ్రింగును. ఆ సంస్థ సాంకేతిక సహకారముతో తిరుపతిలోని మోపెడ్స్ ఇండియా సంస్థ సువేగ మోపెడ్లను తయారుచేసినది. అయితే బెల్టుకు గల లోపము బెల్టుకు గలదు. నూనె పడినను, వదులైనను జారును. బరువెక్కువైనచో త్వరగా అరుగును.

రెండవ మార్గము పంటి ఆకృతిని సంస్కరించుట. 1666లోనే ఇంగ్లండున రాబర్టు హుక్, పళ్ళను మెట్లుమెట్లుగా అమర్చినచో తాకిడి మెత్తబడునని చూపెను. తరువాతి శతాబ్దిలో ఆయిలరు గణితముచే పంటి వంపునకు చక్కని రూపము నిర్ణయించెను. నిలువు పళ్ళలో పంటి వెడల్పంతయు ఒక్క దెబ్బను తగులును. ఏటవాలు పళ్ళలో ఒక అంచున మొదలై క్రమముగా రెండవ అంచునకు జారును. ఒక జత విడువకముందే మరియొక జత అందుకొనును. 1897లో జర్మనీలో ఫౌటరు ఇట్టి పళ్ళను కోయు యంత్రమునకు పేటెంటు పొందిన పిమ్మట, ఇవి చౌకగా తయారగుట సాధ్యమైనది. కాని ఏటవాలు పన్ను చక్రమును ప్రక్కకు నెట్టును. ఆ నెట్టుడును భరించు వాషరు అరిగినచో, పోయిన చప్పుడు మరల వచ్చును.

ఇక మన ప్రాంతమునకు వత్తము. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిరి. ఎడమ కాలువ క్రింద వరి విస్తరించినది. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరొందినది. 1972లో లూనా, 1980లో ఇద్దరు కూర్చుండదగిన టి.వి.ఎస్. 50 వచ్చినవి. సైకిలుపై మోయలేని ఎరువు బస్తా, గడ్డిమోపు, పాలక్యానులు మోపెడ్డు పైకెక్కినవి. ఒకరిద్దరికై చేసిన యంత్రముపై బండెడు బరువు పడినప్పుడు, మొదట మొరపెట్టునది దంతచక్రమే.

ఆ మొరను ఆలకించుటలోనే మేస్త్రి నేర్పు తెలియును. ఉత్తముడైన మేస్త్రి పొడవైన స్క్రూడ్రైవరు మొనను ఇంజనుపై ఆనించి, పిడిని చెవికి చేర్చి వినును. చప్పుడు బేరింగుదో, పంటిదో, వదులైన గొలుసుదో నిర్ణయించును. గొలుసు మార్చునప్పుడు అరిగిన పళ్ళచక్రములను గూడ మార్చును. ఏలనన, కొత్త గొలుసు పాత పంటితో పొసగదు. మరికొందరు చిక్కని నూనె పోసి పంపుదురు. క్లచ్చి అదే నూనెలో తిరుగు ఇంజన్లలో, చిక్కదనము వలన క్లచ్చి సరిగా విడువదు. పాత బండ్ల బేరములలో గేరుపెట్టెలో రంపపుపొట్టు కలుపు మోసము లోకప్రసిద్ధము.

మేమెరిగిన ఒక పాలవర్తకుడు ఇట్లే నిశ్శబ్దముగా నడచు పాత మోపెడ్డును మెచ్చి కొనెను. రెండు నెలలలో నూనె మార్చగా గలగల బయటపడెను. నాలుగవ నాటి వేకువను పన్ను విరిగి, పాలక్యానులతో బండి దారిలో నిలిచెను. ఆ పూట పాలు విరిగినవి. వాడుక ఇండ్లవారు వేరొకరిని చూచుకొనిరి. నష్టము చప్పుడు వలన కలుగలేదు. చప్పుడును వినరాకుండ చేయుట వలన కలిగినది.

నేడు విద్యుత్ మోపెడ్లు వచ్చినవి; లూనా పేరే 2024లో అట్టి బండికి మరల పెట్టిరి. పొగగొట్టపు మోత లేనందున, గేర్లున్న విద్యుత్ బండ్లలో వాటి సన్నని కూత మునుపటికంటె స్పష్టముగా వినవచ్చును. కనుక ఈ సమస్య తీరిపోయినది కాదు. చప్పుడును మాన్పుట వేరు, మూయుట వేరు. మీ ఇంటి ముంగిటి బండి కొత్త స్వరము పలికినచో, దాని నోరు మూయించుటకు ముందు అది చెప్పునదేమో వినుడు.